నవంబరు 7: బోర్డు మీద ఐదు లైన్లే పడతాయి, ఎవర్ని ఉంచాలి?

సుద్దముక్క
మా హైస్కూల్లో ప్రార్థన జరిగే చోట ఒక చిన్న నల్లబల్ల ఉంది. రోజూ దాని మీద 'ఈ రోజు విశేషం' రాయాలి, ఒక పిల్లాడు మైకులో చదవాలి. ఈ నెల డ్యూటీ నాది. మామూలు రోజుల్లో ఒక్క విశేషం దొరకడమే కష్టం. ఎల్లుండి 7వ తేదీకి మాత్రం జనం తోసుకొస్తున్నారు. హెచ్చెమ్ గారు సి.వి. రామన్ ఉండాల్సిందే అన్నారు. సైన్సు మేడం మేరీ క్యూరీ అంటోంది. రష్యా విప్లవం లేకపోతే బోర్డే వద్దని సోషల్ సారు అలిగారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు అనుష్క పేరు చీటీ మీద రాసి నా టేబుల్ మీద పడేసి పారిపోయారు. మగపిల్లలది త్రివిక్రమ్ పార్టీ. పీఈటీ సారుకి కమల్ హాసన్ కావాలట. వెనక వరసకి కూడా కనబడేలా రాస్తే ఐదు లైన్లకి మించి పట్టవు. ఎవర్ని ఉంచాలో, ఎవర్ని తీసేయాలో, ఎందుకో కూడా చెప్పండి. ఇంకోటి. ఆరో తరగతి పిల్ల ఒకతి 'ఆ రోజు పుడితే నోబెల్ వస్తుందా టీచర్?' అని అడిగింది. దానికేం చెప్పను?

గోదారి_గట్టు
ముందు సినిమా వాళ్లని తీసేయండి. వాళ్ల సంగతి ఊళ్లో ఫ్లెక్సీలు చూసుకుంటాయి.

ఫస్ట్_షో
అలా ఎలా తీసేస్తారు బాబాయ్? త్రివిక్రమ్ న్యూక్లియర్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన మనిషి. క్యూరీ పక్క లైన్లో నిలబడటానికి ఆ మాత్రం అర్హత చాలదా?

గోదారి_గట్టు
ఎమ్మెస్సీ చేసినవాళ్లందర్నీ రాస్తే బోర్డు కాదు, మా వీధి గోడ కూడా సరిపోదు.

ఉప్పుగాలి_విశాఖ
రామన్‌ని తీసే ప్రసక్తే లేదు. పుట్టింది తిరుచిరాపల్లిలో (1888), కానీ చదువు మొదలైంది మా ఊళ్లో. వాళ్ల నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్సు చెప్పేవారు. ఆ కాలేజీ ఇప్పటికీ ఉంది, ఓల్డ్ టౌన్ వైపు వెళ్తే కనబడుతుంది. రామన్ పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యాడు, ఇంటర్ కూడా ఇక్కడే అయ్యాక మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లాడు. సముద్రం నీలంగా ఎందుకుంటుందని పెద్దయ్యాక అడిగాడంటే, ఆ ప్రశ్న చిన్నప్పుడు ఎక్కడ పుట్టి ఉంటుందో మీరే ఆలోచించుకోండి.

పాత_పేపర్
ఆయన అడిగింది మధ్యధరా సముద్రం గురించి. 1921లో ఓడ ప్రయాణంలో. ఆర్కే బీచ్ గురించి కాదు.

ఉప్పుగాలి_విశాఖ
మధ్యధరాని చూసి ఆశ్చర్యపోవాలంటే ముందు బంగాళాఖాతాన్ని చూసి ఉండాలి కదండీ. నేను తగ్గను.

ఎర్రచొక్కా
సోషల్ సారుకి నా ఓటు. తేదీ ఒక్కటే చాలు, ఇంకేం రాయకపోయినా పాతవాళ్లకి అర్థమైపోతుంది. మా ఇంట్లో ఆ రోజు పొద్దున్నే నాన్న ఇస్త్రీ బట్టలు వేసుకుని పార్టీ ఆఫీసులో జెండా ఎగరేయడానికి వెళ్లేవాడు. మా పెద్దనాన్న కొడుకు పేరు లెనిన్. వాడి తమ్ముడికి స్టాలిన్ అని పెడదామనుకుంటే ఆడపిల్ల పుట్టింది, బతికిపోయింది.

చుక్కల_ముగ్గు
సోవియట్ భూమి పత్రిక గుర్తుందా ఎవరికైనా? ఆ కాగితం నున్నగా, మందంగా ఉండేది. జూన్‌లో బడి తెరిచేనాటికి మా క్లాసు నోటు పుస్తకాల అట్టలన్నీ అవే. నా లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు నడిపే ఆవిడ, సోషల్ పుస్తకం మీద బాలే డాన్సరు. లోపల ఏం రాశారో ఒక్క ముక్క చదివింది లేదు.

ఎర్రచొక్కా
మేం చదివాం లెండి. విశాలాంధ్రలో పుస్తకాలు రూపాయికీ రెండు రూపాయలకీ దొరికేవి.

పాత_పేపర్
విప్లవం పేరు వచ్చింది కాబట్టి అందులో తమాషా ఒకటుంది. లెనిన్‌తో కలిసి ఆ విప్లవం నడిపించి, తర్వాత స్టాలిన్ దేశం నుంచి వెళ్లగొట్టిన ట్రాట్‌స్కీ పుట్టినరోజు కూడా 7 నవంబరే (1879). కానీ అప్పటి రష్యా పాత జూలియన్ క్యాలెండర్‌లో నడిచేది. ఆ లెక్కలో ఆయన పుట్టింది అక్టోబరు 26న. విప్లవం జరిగింది అక్టోబరు 25న. అంటే రష్యావాళ్ల లెక్కలో ఆయన పుట్టినరోజుకి ముందురోజు. ఇవాళ్టి క్యాలెండర్‌కి మారిస్తే రెండూ వచ్చి 7 నవంబరు మీదే కూర్చుంటాయి.

ఫస్ట్_షో
ఒక రోజు తేడా ఉన్నవి రెండూ ఒకే తేదీ ఎలా అవుతాయి అన్నా? బుర్ర తిరుగుతోంది.

లెక్కల_మాస్టారు
నేను చెప్తా. పాత క్యాలెండర్‌లో నాలుగుతో భాగించబడే ప్రతి ఏడూ లీపే. కొత్తదాంట్లో వందల ఏళ్లకి మినహాయింపు ఉంది, 400తో భాగించబడితేనే లీపు. 1900 పాతదాంట్లో లీపు సంవత్సరం, కొత్తదాంట్లో కాదు. అందుకని 1879లో రెండు క్యాలెండర్ల మధ్య తేడా 12 రోజులు, 1917 నాటికి అది 13 అయింది. అక్టోబరు 26కి 12 కలపండి, 25కి 13 కలపండి. రెండింటికీ 7 నవంబరే వస్తుంది. తొమ్మిదో తరగతికి బోర్డు మీద లెక్కగా ఇవ్వొచ్చు.

ఎర్రచొక్కా
ఇన్నేళ్లు జెండా ఎగరేశాం గానీ ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

పాత_పేపర్
ట్రాట్‌స్కీ పేరు మీ ఆఫీసులో ఎవరు ఎత్తుతారు లెండి.

రేపల్లె_పాసింజరు
ఇన్ని పేర్లొచ్చాయి, ఒక్కరికీ నిడుబ్రోలు గుర్తురాలేదు. ఆచార్య ఎన్.జి. రంగా, 7 నవంబరు 1900. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి రైతుల కోసం రాజకీయ పాఠశాల పెట్టిన మనిషి. తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, గుంటూరు, ఇన్ని చోట్ల నుంచి లోక్‌సభకి గెలిచినవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి? వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్‌లోది జయశంకర్ గారి పేరు మీదికి వెళ్లింది, రంగా గారి పేరుతో ఉన్నది గుంటూరు పక్కన లాం చేరింది. పిల్లలు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో ఆ పేరు చూస్తారు, మనిషి ఎవరో తెలియదు. బోర్డు మీద మొదటి లైను ఆయనదే.

ఎర్రచొక్కా
1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడైన ఆయనేగా? సహకార వ్యవసాయం వద్దని నెహ్రూతో తెగతెంపులు చేసుకున్నాయన. నవంబరు 7న పుట్టి ఆ పనా!

రేపల్లె_పాసింజరు
పుట్టేటప్పుడు మీ విప్లవానికి ఇంకా 17 ఏళ్లు టైముంది. ఆయన్ని అడిగి పెట్టుకోలేదు తేదీ. పొలం రైతు పేరు మీదే ఉండాలన్నాడు, అందులో తప్పేముంది?

ఎర్రచొక్కా
పొలం ఉన్న రైతు సంగతి మీరు చెబుతున్నారు. కూలీ సంగతో?

గోదారి_గట్టు
ఇదిగో, టీచరమ్మ అడిగింది బోర్డు గురించి. భూసంస్కరణలు వేరే చోట పెట్టుకోండి ఇద్దరూ.

డల్లాస్_కోడలు
నా పుట్టినరోజూ అదే, ఎవరూ రాయనక్కర్లేదు లెండి. ఇక్కడ నా బాధ వేరు. 7-11 అని రాస్తే అమెరికాలో జులై 11 అని చదువుతారు. ఒక క్లినిక్‌లో నా పేరు మీద రెండు ఫైళ్లు తయారయ్యాయి, ఒకటి జులైలో పుట్టినావిడది, ఒకటి నవంబరులో పుట్టినావిడది. ఒకావిడ రిపోర్టులు ఇంకో ఆవిడకి కనబడవు. అదీ చాలక 7-11 అనగానే పెట్రోలు బంకు పక్కన కొట్టు పేరు చెప్పి నవ్వుతారు.

చుక్కల_ముగ్గు
రెండుసార్లు కేకు కోయించుకో అమ్మాయ్.

అట్లూరి_అల్లుడు
అసలు సర్టిఫికెట్ తేదీలు నమ్మేదెవరు? మా ఊళ్లో మా వయసు వాళ్లలో సగం మందికి పుట్టినరోజు జూన్‌లోనే. బడిలో వేసేరోజు ఐదేళ్లు నిండాయో లేదో తెలియకపోతే మాస్టారే నిండేలా తేదీ రాసేవారు. మా ముగ్గురు అన్నదమ్ములదీ జూన్ 1. ఏడాది మాత్రం మారుతుంది, అదీ రెండేసి చొప్పున. నేను నిజంగా పుట్టింది దసరాల్లో అని మా అమ్మ చెబుతుంది. ఆఫీసులో జూన్ 1న కేకు తెస్తే ఎవరికో అన్నట్టు చప్పట్లు కొడతాను.

సుద్దముక్క
అడ్మిషన్ రిజిస్టరు తిరగేస్తే పాత పేజీల్లో నిజంగానే జూన్ వరదలా ఉంటుంది. ఈ మధ్య పిల్లలవి మాత్రం ఆస్పత్రి సర్టిఫికెట్లు, అన్ని నెలలూ ఉంటున్నాయి.

బెన్జీన్_ఉంగరం
పెద్దవాళ్లకీ తప్పలేదు ఈ తంటా. లీజ్ మైట్నర్ ఉంది కదా, అణువిచ్ఛిత్తిని (అణుకేంద్రకం రెండుగా చీలడాన్ని) మేనల్లుడు ఫ్రిష్‌తో కలిసి 1938 క్రిస్మస్ రోజుల్లో స్వీడన్‌లో లెక్కగట్టి వివరించినావిడ. వియన్నాలో యూదుల జనన రిజిస్టరులో ఆవిడ పుట్టింది 1878 నవంబరు 17. మిగతా కాగితాలన్నింటిలో 7. ఆవిడ కూడా 7నే చేసుకునేది. కాబట్టి జాబితాలో ఉంది. 1944 కెమిస్ట్రీ నోబెల్ మాత్రం ఆటో హాన్ ఒక్కడికే ఇచ్చారు. ఆరో తరగతి పిల్లకి చెప్పండి టీచర్ గారూ, ఆ రోజు పుట్టి, నోబెల్ పని చేసి కూడా నోబెల్ రానావిడ ఉంది అని. తర్వాత 109వ మూలకానికి ఆవిడ పేరు పెట్టారు, మైట్నీరియం.

ఉప్పుగాలి_విశాఖ
క్యూరీకి రెండు వచ్చాయి, ఈవిడకి సున్నా. తేదీ ఒకటే.

బెన్జీన్_ఉంగరం
క్యూరీదీ తేలిగ్గా రాలేదండి. 1867లో వార్సాలో పుట్టింది. అక్కడ యూనివర్సిటీలో ఆడవాళ్లకి ప్రవేశం లేదు. దొంగచాటుగా ఇళ్లల్లో నడిచే క్లాసులకి వెళ్లి చదువుకుంది. ఊళ్లల్లో పిల్లలకి పాఠాలు చెప్పుకుని అక్కని పారిస్ పంపి, తర్వాత తను వెళ్లింది. మన దేశంలో 2014 నుంచి ఆవిడ పుట్టినరోజునే జాతీయ క్యాన్సర్ అవగాహన దినంగా చేస్తున్నారు. ఆడపిల్లలున్న బడిలో ఈవిడ లైను తీసేస్తే నేను ఒప్పుకోను.

లెక్కల_మాస్టారు
నోబెల్ ప్రశ్నకి నా జవాబు. నోబెల్ వచ్చిన మనుషులు ఇప్పటికి దాదాపు వెయ్యి మంది. 365తో భాగిస్తే రోజుకి ముగ్గురు కూడా రారు. 7 నవంబరుకి క్యూరీ, రామన్, రచయిత కామూ, జంతువుల ప్రవర్తన చదివిన లోరెంజ్, మెదడు మీద పనిచేసిన కాండెల్, మొత్తం ఐదుగురు. సగటు కన్నా ఎక్కువే. కానీ గింజలు చల్లితే నేలంతా సమానంగా పడవు, ఒక చోట గుప్పెడు, ఒక చోట ఖాళీ. లెక్క ప్రకారం ఏడాదిలో ఏభై తేదీల దాకా ఐదుగురో అంతకన్నా ఎక్కువ మందో పడాలి. మనం ఆ తేదీలు చూసి ఆహా అంటాం, ఒక్కరూ లేని తేదీ గురించి ఎవడూ పోస్టు పెట్టడు.

క్లాసులో కూడా చేసి చూపించొచ్చు. గదిలో 23 మంది ఉంటే చాలు, ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం దాటుతుంది. 40 మంది ఉంటే 89 శాతం దగ్గర.

అట్లూరి_అల్లుడు
మా బ్యాచ్‌లో అయితే ఇద్దరు చాలు మాస్టారూ. వంద శాతం. జూన్ 1.

లెక్కల_మాస్టారు
మీ ఊరి మీద ఫార్ములా పనిచేయదు, ఒప్పుకుంటున్నా.

పంచాంగం_పంతులు
మీరంతా ఇంగ్లిషు తేదీలతో కుస్తీ పడుతున్నారు. వందేమాతరం సంగతి చూడండి. బంకించంద్రుడు దాన్ని అక్షయ నవమి నాడు, అంటే కార్తీక శుద్ధ నవమి నాడు రాశాడని చెబుతారు. 1875లో ఆ తిథి 7 నవంబరున పడింది. 2025లో 150 ఏళ్ల ఉత్సవాలు ప్రభుత్వం మొదలుపెట్టింది ఆ తేదీ పట్టుకునే. తిథి ప్రకారం చేస్తే ఏటేటా కదులుతుంది. మన ఇళ్లల్లో తద్దినం తిథికి, పుట్టినరోజు తేదీకి చేసుకుంటాం. గేయానికి ఏది లెక్కో మీరే తేల్చండి.

గోదారి_గట్టు
ఇది వచ్చింది కాబట్టి మా రాజమండ్రి ముచ్చట చెప్పకుండా ఉండలేను, కాస్త పొడుగు, ఓపిక పట్టండి. బిపిన్ చంద్రపాల్ పుట్టింది కూడా 7 నవంబరే, 1858. బెంగాల్ విభజన గొడవ మీద వందేమాతరం ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, 1907 ఏప్రిల్‌లో ఆయన మన వైపు వచ్చాడు. విశాఖ, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరు అన్నీ తిరిగాడు. రాజమండ్రిలో ఆయన ఇంగ్లిషులో మాట్లాడుతుంటే పక్కన నిలబడి తెలుగు చేసింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. ఆయనకి చూపు సరిగ్గా ఆనదు. కాగితం చూసి చదివే మనిషి కాదు, విన్నది విన్నట్టు పట్టుకుని చెప్పాలి. అక్కడే భారతదేశాన్ని పాడియావుతో పోల్చి, దూడల మూతులు బిగించి పాలు పిండుకుంటున్నారని పద్యం చదివాడు. జనం ఊగిపోయారు. మా తాత ఆ పద్యం పాడుతూ చెంబు పట్టుకుని గేదె దగ్గరికి వెళ్లేవాడు, అది వేరే సంగతి.

ఆ తర్వాతే అసలు రగడ. కాలేజీ పిల్లలు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకి వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వాటిని తీయమన్నాడు, తీయలేదు. అక్కడ చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని బయటికి పంపింది ఆ గొడవల్లోనే. ఇప్పుడు చూడండి, గేయానిది 7 నవంబరు, పాల్‌ది 7 నవంబరు, రెండూ వచ్చి కలిసింది మా గోదారి ఒడ్డున. మీ ట్రాట్‌స్కీ లెక్క కన్నా ఇదే బాగుంది నాకు.

ఎర్రచొక్కా
బాగుంది బాబాయ్, ఒప్పుకున్నా. కానీ ఇదంతా ఒక లైన్లో ఎలా పడుతుంది?

పాత_పేపర్
చావుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటారా? బహదూర్ షా జఫర్ పోయింది 7 నవంబరు 1862, రంగూన్‌లో. ఢిల్లీ చక్రవర్తిని 1857 తర్వాత అక్కడికి పంపి, పోయాక గుర్తు కూడా ఉంచకుండా పాతిపెట్టారు. సమాధి 1991లో తవ్వకాల్లో బయటపడింది.

చుక్కల_ముగ్గు
పుట్టినరోజుల బోర్డు మీద సావు కబురెందుకండీ పొద్దున్నే.

పాత_పేపర్
చరిత్ర పుట్టినరోజులతోనే నడవదు కదా. వి.పి. సింగ్ ప్రభుత్వం లోక్‌సభలో ఓడింది కూడా 1990 నవంబరు 7నే. బోర్డు మీద అక్కర్లేదు, ఊరికే చెప్పా.

కాంక్రీటు_కుర్రాడు
టకోమా వంతెన ఎవరూ చెప్పలేదేంటి? అమెరికాలో 1940 జులైలో తెరిచారు, నవంబరు 7న కూలింది. పెద్ద తుఫాను కూడా కాదు, గంటకి 65 కిలోమీటర్ల లోపు గాలికే మెలికలు తిరిగి తెగింది. మనుషులెవరూ పోలేదు, కారులో ఉండిపోయిన కుక్క ఒక్కటే పోయింది. ఆ వీడియో చూడని ఇంజినీరింగ్ స్టూడెంట్ ఉండడు. క్లాసులో రెజొనెన్స్ అని, అంటే గాలి తోపుల లయ వంతెన సొంత ఊపు లయతో కలిసిందని చెబుతారు గానీ అది ఫ్లట్టర్, వంతెన ఊగడం వల్లే గాలి దాన్ని ఇంకా ఊపింది.

ఫస్ట్_షో
ఆ కుక్క గురించి అడిగితే మా క్లాసంతా చెబుతుంది. వంతెన ఎందుకు పడిందో మాత్రం ఎవడూ చెప్పడు.

షోలాపూర్_మగ్గం
నేను ఎక్కువగా చదివి వెళ్లిపోయే రకం, కానీ బడి బోర్డు అన్నారు కాబట్టి రాస్తున్నా. మా తాతల నాటి నుంచి షోలాపూర్‌లో ఉన్నాం, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మహారాష్ట్రలో 7 నవంబరు విద్యార్థి దినం. 2017లో ప్రకటించారు. ఎందుకంటే ఆంబేడ్కర్ సతారాలో ప్రభుత్వ హైస్కూల్లో చేరిన రోజు అది. రిజిస్టరులో పేరు భీవా రాంజీ ఆంబేడ్కర్. ఆ బడి ఇప్పుడు ప్రతాప్‌సింగ్ హైస్కూలు. చేరిన ఏడాది 1900.

గోదారి_గట్టు
ఆగండాగండి. 1900 నవంబరు 7 అంటే రంగా గారు పుట్టిన రోజే.

రేపల్లె_పాసింజరు
తేదీ కాదు, అసలు రోజే ఒకటి. నిడుబ్రోలులో ఒక పిల్లాడు పుట్టిన రోజు సతారాలో ఇంకో పిల్లాడు బడి గడప తొక్కాడు. తర్వాత ఇద్దరూ రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఇన్నేళ్లుగా రంగా గారి జయంతి సభలకి వెళ్తున్నా, ఒక్క వక్తా ఇది చెప్పలేదు.

ఎర్రచొక్కా
దీనికి నా ఓటు కూడా. విప్లవం రెండో లైనుకి జరిగినా పర్లేదు.

పంచాంగం_పంతులు
బడిలో చేరిన రోజు కూడా పండగే అంటే బాగానే ఉంది. మనవాళ్లు అక్షరాభ్యాసానికి ముహూర్తం చూసేది అందుకే.

షోలాపూర్_మగ్గం
ఆ బడిలో ఆయన్ని మిగతా పిల్లలతో కలిపి కూర్చోనివ్వలేదు పంతులు గారూ. ముహూర్తం సంగతి కాదిది.

సుద్దముక్క
అందరివీ చదివాను. ఆంబేడ్కర్, రంగా గార్లది ఒకే లైను, 'ఇదే రోజు' అని. తర్వాత క్యూరీ. తర్వాత రామన్, బ్రాకెట్లో విశాఖ అని రాస్తాను, ఉప్పుగాలి గారి కోసం. నాలుగోది రష్యా, అదే లైన్లో పక్కన మాస్టారి లెక్క, జవాబు లేకుండా. ఐదో లైను పాల్‌కీ వందేమాతరానికీ. చిలకమర్తి పద్యం తెలుగు సారు మైకులో చదువుతానన్నారు. మైట్నర్ గురించి ఆరో తరగతిలో నేనే చెబుతా.

ఫస్ట్_షో
మరి అనుష్క?

సుద్దముక్క
ఆ చీటీ రాసినవాళ్లకే క్యూరీ లైను మైకులో చదివే పని అప్పజెప్పాను. ఇప్పుడు ఆవిడ పుట్టింటి పేరు స్క్లొడోవ్‌స్కా అని పలకడం నేర్చుకుంటున్నారు.

ఉప్పుగాలి_విశాఖ
బ్రాకెట్ ఎందుకండీ, విశాఖ పెద్దక్షరాలతోనే రాయొచ్చుగా.

పాత_పేపర్
8వ తేదీకి కూడా ఇప్పుడే తేల్చుకోండి టీచర్ గారూ. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలు, 1927లో అద్వానీ పుట్టుక, 2016లో నోట్ల రద్దు.

డల్లాస్_కోడలు
నోట్ల రద్దా! ఆ వారమే మా చెల్లి పెళ్లి. మా నాన్న కల్యాణమండపానికి కట్టాల్సిన డబ్బంతా వెయ్యి నోట్లే...

గోదారి_గట్టు
అమ్మా తల్లీ, దానికి వేరే థ్రెడ్ పెట్టు. ఆ ఏటీఎం క్యూల కథ ఇక్కడ మొదలైతే 9వ తేదీ బోర్డు కూడా ఖాళీగానే ఉంటుంది.